నోట్లో లేని ఊపిరి

"మళ్ళీ చదువు," అన్నాడు ఇన్‌స్పెక్టరు, కాగితాన్ని బల్ల మీద ముందుకు తోస్తూ. "ఈసారి ఒక్క బిగిన చదవాలి. నా దగ్గర నాటకాలు వద్దు."

బల్లకు అవతల కూర్చున్న పెద్దమనిషి కాగితం చేతిలోకి తీసుకున్నాడు. మెడకు పలచటి నూలుగుడ్డ కట్టుకున్నాడు. ఒకప్పుడు పాత సామాన్ల వేలంపాటలు పాడేవాడు, అందుకే ఊరంతా వేలం మామ అంటుంది. కంఠానికి జబ్బు చేస్తే ఆపరేషను చేసి స్వరపేటిక మొత్తం తీసేశారు. గొంతు మీదే బతికిన మనిషికి గొంతు పోవడం ఒక ఎత్తు, పోయిన ఆ గొంతు మీదే ఇప్పుడు పోలీసు కేసు రావడం ఇంకొక ఎత్తు.

"మీ చెల్లె… లు నా… దగ్గ… రుంది…"

"చూశారా, కావాలనే నాన్చుతున్నాడు!" అన్నాడు ఇన్‌స్పెక్టరు పక్కనున్న కానిస్టేబుళ్ళతో.

"ఒరే నాయనా, కుండకి చిల్లు పడితే నీళ్ళని తిట్టి ఏం లాభం?" అని గుమ్మంలోంచి వినపడింది.

ఇన్‌స్పెక్టరు తల తిప్పకుండానే నిట్టూర్చాడు. "రా వదినా. ఇంకా రాలేదేంటా అనుకుంటున్నా."

వచ్చినావిడ ఆయన సొంత అన్నగారి భార్య. మరిది ప్రభుత్వం జీతానికి దొంగల్ని పడతాడు, వదిన ప్రైవేటు డిటెక్టివుగా బోర్డు పెట్టుకుని పడుతుంది. ఇంట్లో ఉన్నంతసేపూ ఒకరి మాట ఒకరు జవదాటరు, కేసు దగ్గరికొచ్చేసరికి మాత్రం ఉప్పూ నిప్పూ. ఆయన వదినా వదినా అనడం విని విని స్టేషన్లో అందరికీ ఆవిడ వదినగారే అయిపోయారు. పట్టుబడ్డ జేబుదొంగలు కూడా అలాగే పిలుస్తారు.

వదినగారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "టీచరమ్మ అక్కగారు ఈ కేసుకి నన్ను పెట్టుకుంది. ఫోను రికార్డింగు నాకూ పంపింది. ఇంకోసారి విందాం, వినిపించు."

గొంతులు పోయినవాళ్ళకి మళ్ళీ మాటలు నేర్పే టీచరమ్మ నిన్న సాయంత్రం క్లాసు ముగించాక ఇంటికి చేరలేదు. ఈ పొద్దున షాపులు తెరిచే వేళకి ఆవిడ అక్కకి ఫోను వచ్చింది. ఏ ఫోనొచ్చినా దానంతటదే రికార్డు చేసుకునే ఫోను కావడం అదృష్టం. ఇన్‌స్పెక్టరు మీట నొక్కాడు. బొంగురు గొంతు ఒకటి గరగరలాడింది.

"స్స్… మీ చెల్లెలు నా దగ్గరుంది సాయంత్రం దాకా ఎవరూ వెతక్కండి పోలీసుల దగ్గరికి పోయారో ఆవిడ గొంతు మళ్ళీ వినరు!"

"అచ్చం ఈయన గొంతే," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "పైగా మొన్న క్లాసులో టీచరమ్మతో పోట్లాడి కుర్చీ తన్ని వెళ్ళాడు. పదిమంది చూశారు. ఇంకేం కావాలి?"

"నువ్వు పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. నాలుగోది నేను చూపించేదాకా నువ్వు చూడవుగా." వదినగారు పెద్దమనిషి వైపు తిరిగారు. "అన్నయ్యగారూ, ఒక్క సంగతి అడుగుతా. మీరు ఊపిరి ఎటు నుంచి తీస్తారు?"

వేలం మామ చెయ్యి మెల్లగా పైకి లేచి మెడకున్న గుడ్డ మీద ఆగింది.

"మరి నోట్లోంచి?"

ఆయన తల అడ్డంగా ఊపాడు.

"మాటకి గాలి కావాలిగా. అదెక్కణ్ణించి వస్తుంది?"

"మింగుతా… నమ్మా. గుటక… వేసి… తేన్పులా… పైకి… తెస్తా. గుటకకి… రెండు… ముక్కలే."

వదినగారు చేతిసంచిలోంచి చిన్న అద్దం తీసి ముందు మరిది ముక్కు కింద పెట్టారు. "ఊదు." ఆయన విసుక్కుంటూనే ఊదాడు, అద్దం మసకబారింది. కొంగుతో తుడిచి వేలం మామ నోటి ముందు పెట్టారు. ఆయన ఛాతీ లేస్తోంది, దిగుతోంది. అద్దం మాత్రం కడిగిన ముత్యంలా అలాగే ఉంది. అప్పుడు ఆయనే మెడ గుడ్డ సడలించాడు. మెడ కింది భాగంలో చిన్న రంధ్రం. అద్దం అక్కడికి చేరిందో లేదో పాలమీగడ కట్టినట్టు తెల్లబడింది.

ఇన్‌స్పెక్టరు లేచి బల్ల చుట్టూ తిరిగొచ్చి మరీ చూశాడు.

"ఫోన్లో వాడు మొదట 'స్స్' అని నోట్లోంచి గాలి పీల్చాడు. ఆ గాలి మీద అంత పొడుగు మాట ఒక్క బిగిన లాగేశాడు," అన్నారు వదినగారు. "ఈయనకి నోట్లో ఊపిరే లేదు. వాడెవడో బొంగురు అరువు తెచ్చుకున్నాడు గానీ ఊపిరి తనదే వాడుకున్నాడు."

"అయితే ఈయన మనిషే ఎవడో చేసి ఉంటాడు!"

"ఓడిపోయినా మీసానికి మట్టి అంటలేదంటావు."

"వదినా, నా స్టేషన్లో నన్ను…"

ఆవిడ వినడం లేదు. గుడ్డ సడలిన చోట దవడ కింద రూపాయి కాసంత ఎర్రటి మచ్చ, మధ్యలో ఎండిన బొబ్బ ఉన్నాయి. "ఇదేంటి అన్నయ్యా?"

ఆయన తల దించుకున్నాడు. "యంత్రం. మెడకి… ఆనిస్తే… గొంతు… మోగుతుంది. అవి… అమ్మే… ఏజెంటు… దగ్గర… కొన్నా. కాలింది. టీచరమ్మ… పారెయ్… మంది. నేనే… పౌరుషం… కొద్దీ… పోట్లాడా." కళ్ళు తుడుచుకున్నాడు. "ఆవిడ… నాకు… రెండో… తల్లి."

వదినగారు లేచారు. "నాయనా, ఈయన్ని జీపెక్కించి టీచరమ్మ క్లాసుగదికి తీసుకురా. నేను నడిచొస్తా."

"ఎందుకు?"

"నీ కుందేలుకి నాలుగో కాలు అక్కడుంది."

క్లాసుగది ఆసుపత్రి పాత భవనంలో మేడ మీద ఉంది. అర్ధచంద్రాకారంలో కుర్చీలు, గోడకి నిలువుటద్దం, కిటికీలో బోర్లించిన గాజు గ్లాసులు. మాట మొదలెట్టడానికి సులువైన అక్షరాలేమో, పలక మీద 'ప, ట, క' అని పెద్దగా రాసి ఉన్నాయి. టీచరమ్మ అక్కగారు ఒక కుర్చీలో ముడుచుకుని కూర్చుంది. ఏడ్చి ఏడ్చి ముఖం వాచింది.

"ఏ వస్తువూ ముట్టుకోలేదుగా?" అని అడిగి వదినగారు బీరువా తెరిచారు. తాళం పగలగొట్టలేదు, అంతకుముందే ఎవడో తాళంచెవితోనే తీశాడు. పై అర ఖాళీగా ఉంది. పరిచిన కాగితం మీద దుమ్ములో నాలుగైదు గుండ్రటి గుర్తులు, రెండు చోట్ల గోధుమరంగు మాడు. ముక్కు దగ్గర పెట్టి చూశారు. ప్లాస్టిక్కు కాలిన వాసన ఇంకా పోలేదు.

"ఇక్కడేం ఉండేవి తల్లీ?"

"కాలిన గొంతు యంత్రాలండీ. పేషెంట్ల దగ్గర మా చెల్లే అడిగి తెచ్చి దాచింది. వాటి బ్యాటరీలు కొలిమిలా వేడెక్కుతాయట. ఇవాళ మధ్యాహ్నం ఆసుపత్రి మీటింగుంది. అందరు పేషెంట్లకీ అవే కొనాలా వద్దా అని. అక్కడ అందరి ముందూ పెట్టి కొనొద్దని చెప్తానంది."

"బీరువా తాళంచెవి ఇంకెవరి దగ్గరుంది?"

"ఏజెంటుగారి దగ్గర. కింది అర ఆయనదేగా, షాపు సరుకు పెట్టుకుంటాడు."

తలుచుకుంటే చాలన్నట్టు గుమ్మంలో ఆ ఏజెంటే ప్రత్యక్షమయ్యాడు. గుండ్రటి మనిషి, గుండ్రటి నవ్వు. "స్స్… అయ్యో అక్కయ్యగారూ, ఎంత పని జరిగిపోయింది! స్స్… ధైర్యంగా ఉండండి." అని ఊరుకున్నాడా, ఆసుపత్రి పెద్ద డాక్టరుగారి గొంతు అచ్చం దించి, "నేనున్నానమ్మా, నీకేం పర్వాలేదు," అన్నాడు.

"నా చెల్లెలు కనపడక నేనేడుస్తుంటే మీ మిమిక్రీ ఏంటండీ!" అంది అక్కగారు.

"స్స్… నవ్విద్దామనే తల్లీ."

నోరు తెరిచే ముందు పళ్ళ సందుల్లోంచి గాలి పీల్చడం ఆ మనిషికి అలవాటు. వదినగారి చెవి రెండోసారికే దాన్ని పట్టుకుంది. అయినా అలాంటి అలవాటు లోకంలో నూటికి పదిమందికి ఉంటుంది. అందుకని తీయగా నవ్వుతూ అడిగారు. "ఏజెంటుగారూ, మీరు గొంతు యంత్రాలమ్ముతారు, మీకు తెలియనిది ఉండదు. గొంతు తీసేసినవాళ్ళు ఊపిరెలా తీస్తారండీ?"

"స్స్… ఎలా ఏంటండీ! అందరిలాగే నోటితో, ముక్కుతో. పోయింది గొంతొక్కటేగా!"

"అంతేనా? ఆ మెడలో గుడ్డెందుకు మరి?"

"కుట్లు కనపడకుండా అండీ. పాపం, చూడ్డానికి బాగుండదుగా."

గొడుగులమ్మేవాడు వానలో తడిసి ఉండాలని ఎక్కడా లేదు. ఇన్నేళ్ళు ఇంతమంది మెడలకి సరుకు అంటగట్టిన మనిషి, ఒక్కరోజైనా ఒక్క గుడ్డ తీసి చూడలేదు. వదినగారు తల పంకించి ఊరుకున్నారు. మెట్ల మీద బూట్ల చప్పుడు వినగానే ఏజెంటు గడియారం చూసుకున్నాడు. మీటింగు పనులున్నాయంటూ ఇన్‌స్పెక్టరుకి దండం పెట్టి, వేలం మామ వైపు చూడకుండా దిగి వెళ్ళిపోయాడు.

"వాణ్ణెందుకు వదిలావు?" అని ఇన్‌స్పెక్టరు మండిపడ్డాడు, సంగతంతా విన్నాక.

"ఊపిరి పీల్చాడని పట్టుకుంటావా? కోర్టులో నిన్ను చూసి నవ్వుతారు. ముందు పిల్ల ఎక్కడుందో తేలాలి. రికార్డింగులో టీచరమ్మ మాట్లాడింది ఉందిగా, అది పెట్టు."

ముందు చెల్లి గొంతు వినిపిస్తే తప్ప ఒప్పుకోనని అక్కగారు పొద్దున ఫోన్లో మొండికేసింది. దానితో వాడు టీచరమ్మ చేత రెండు ముక్కలు మాట్లాడించాడు. ఇప్పుడా మాటలు గదిలో వినపడ్డాయి.

"అక్కా… నేను బాగా… నే ఉన్నాను… భయప… డకు… వెత… కొద్దు."

"భయంతో మాట తడబడుతోంది, అంతే," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "ఇందులో ఏముంది? నేను ఊరి బయట గోడౌన్లన్నీ వెతికిస్తున్నా."

అక్కగారు ముక్కు చీదుకుంది. "మా చెల్లి మాటంటే వడగళ్ళ వానండీ. చిన్నప్పుడు మా నాన్న, కాస్త సందిస్తే మేమూ మాట్లాడతాం తల్లీ అనేవాడు. ఇలా ఆగి ఆగి ఎప్పుడూ మాట్లాడదు."

వేలం మామ చెయ్యెత్తాడు. "మళ్ళీ… పెట్టండి." కళ్ళు మూసుకుని విన్నాడు. మూడోసారి విన్నాక ఆయన ముఖంలో ఏదో దీపం వెలిగినట్టయింది.

"భయం… కాదు. భయమైతే… రొప్పు… ఉంటుంది. ఇక్కడ… ఊపిరి… నిండుగా… ఉంది. కావాలనే… ఆగింది."

"కావాలని ఎందుకు ఆగుతుంది?" అన్నాడు ఇన్‌స్పెక్టరు. కాని ఈసారి గొంతులో దబాయింపు లేదు.

"వేలంలో… మూడోసారి… అనేముందు… నేనూ… ఆగేవాణ్ణి. ఆగితే… జనం… చెవి… పెడతారు. టీచరమ్మకి… చెప్పా. ఆవిడ… మాకు… పాఠంగా… చెప్పింది." గుటక వేసి గాలి కూడదీసుకున్నాడు. "మాట… వినకండి. ఆగినచోట… వినండి."

వదినగారు ఫోను తీసుకుని చప్పుడు పూర్తిగా పెంచారు. నలుగురి తలలూ ఒకచోట చేరాయి. 'బాగా' తర్వాత, వెనకెక్కడో, తలుపు అవతల నుంచన్నట్టు 'జుంయ్' మని ఒక మోత. 'భయప' తర్వాత మళ్ళీ 'జుంయ్', ఈసారి కాస్త సన్నంగా. తర్వాత ఇంకోటి, బండగా.

"అది యంత్రం మోత!" అంది అక్కగారు. "ఇక్కడ క్లాసులో రోజూ వింటా."

"మోత ఉంది, మాట లేదు," అన్నారు వదినగారు. "పేషెంటు మెడకి పెట్టుకుంటే మోత వెంట మాట రావాలి. ఇక్కడ ఉత్త మోత. అదీ ఒకటి కాదు, ఒక్కోటి ఒక్కో శ్రుతిలో. ఒకదాని తర్వాత ఒకటి ఆన్ చేసి, మోగిందో లేదో చూసి పక్కన పెట్టేదెవరు?"

ఇన్‌స్పెక్టరు ఫోను చెవికి ఆనించి విన్నాడు. "రిపేరు చేసేవాడు."

"రిపేరు బల్ల ఎక్కడుంటుంది?"

"ఏజెంటు షాపులో! బజార్లో… నా స్టేషనుకి నాలుగు గుమ్మాల అవతల!"

"పిల్లని చంకలో పెట్టుకుని ఊరంతా గాలిస్తున్నావు నాయనా. పద, జీపు తియ్యి."

షాపులో మెకానిక్కు ఒక్కడే ఉన్నాడు. చెవి దగ్గర యంత్రం పెట్టుకుని మీట నొక్కి చూసుకుంటున్నాడు. పోలీసుల్ని చూసి చేతిలోది జారవిడిచాడు. వెనక గది తాళం యజమాని దగ్గరే ఉంటుందని, అందులో పాత సరుకుందని చెప్పారని, తనకింకేం తెలియదని ఒక్క గుక్కలో అప్పజెప్పాడు. ఇన్‌స్పెక్టరు రెండు తన్నులకి గడియ ఊడింది.

అట్టపెట్టెల మధ్య కుర్చీకి కట్టేసి ఉంది టీచరమ్మ. కళ్ళకి గంతలు, నోటికి గుడ్డ. బతికే ఉంది. అక్కగారు ఒక్క ఉదుటున వెళ్ళి కట్లు విప్పి, ముందు ముద్దు పెట్టుకుని, తర్వాత వీపు మీద ఒక్కటిచ్చింది. "పెద్ద మొనగత్తెవి! ఒక్కదానివే వాడితో పెట్టుకుంటావా!"

"మామయ్య గొంతు పెట్టి నన్నే నమ్మించబోయాడే అక్కా," అంది టీచరమ్మ. గొంతు జీరపోయి గుసగుసలా వస్తోంది. "కళ్ళకి గంతలు కట్టాడు గానీ చెవులకి కట్టలేదుగా. బొంగురు వెనకాల బారెడు ఊపిరి! రెండేళ్ళు నేర్పినదాన్ని, నాకు తెలియదూ?" వేలం మామని చూసి నవ్వబోయింది. అంతలోనే ఆ నవ్వు ఆపి ఇన్‌స్పెక్టరు చెయ్యి పట్టుకుంది. "నా సంగతి తర్వాత. పొద్దున ఫోను పెట్టేశాక అవతల గదిలో వాడు చెప్పడం విన్నా. వార్డులో పన్నెండు మందికీ కొత్త యంత్రాలు ఉచితంగా పంచి, మంచాల దగ్గరే చార్జింగు పెట్టించమన్నాడు. మీటింగు పెద్దలు వచ్చి చూస్తే మెచ్చుకోవాలని."

"నేనే పెట్టొచ్చానండీ," అన్నాడు మెకానిక్కు ముఖం పాలిపోయి. "మంచి పనే కదా అనుకున్నా."

"కాలినవి ఆ రకమే. అక్కడ ప్రతివాళ్ళ మెడ దగ్గరా ఆక్సిజను గొట్టం ఉంటుంది. ఒక్కటి నిప్పురవ్వ రాల్చిందంటే…" అంది టీచరమ్మ, కుర్చీలోంచి లేస్తూ. "వాళ్ళంతా కొత్తగా ఆపరేషనైనవాళ్ళు. మంటలని కేకెయ్యడానికి వార్డులో ఒక్కళ్ళకీ గొంతు లేదు."

ఇన్‌స్పెక్టరు జీపులో వైర్‌లెస్సు దగ్గరికి పరిగెత్తబోయాడు. ఆసుపత్రికి ఫోను చెయ్యడం ముందని వదినగారు, అది ఆపరేటరు ఎత్తి వార్డుకి కలిపేసరికి తెల్లారుతుందని ఆయన, ఇద్దరూ గుమ్మంలో వాదించుకుంటుండగా వెనక నుంచి వినపడింది.

"సిస్ట… రమ్మా…"

వేలం మామ చెవికి ఫోను ఆనించుకుని గోడకి ఆనుకున్నాడు. రెండు నెలలు పడుకున్న వార్డు, ఆ నంబరు ఆయన ఫోన్లోనే ఉంది. ఆపరేషను తర్వాత ఆయన ఎవరికైనా ఫోను చెయ్యడం ఇదే మొదలు. నుదుటి మీద చెమట పట్టింది.

"ఎవరు? హలో? ఎవరండీ…" అని నర్సు గొంతు బయటికే వినపడుతోంది. ఇన్‌స్పెక్టరు ఫోను లాక్కోబోయాడు. వదినగారు ఆయన మణికట్టు పట్టుకున్నారు. "ఉండు. ఆవిడ ఆ వార్డు నర్సు. ఇలాంటి మాటకి కాచుకోవడం ఆవిడకి అలవాటే."

"మామయ్యా! మీరేనా! ఫోన్లోనా!"

"ప్లగ్గులు… పీకు… తల్లీ. కొత్త… యంత్రాలు… అన్నీ. కాలిపో… తాయి. ముందు… పీకు."

అవతల ఫోను బల్ల మీద పడ్డ చప్పుడు, పరుగులు, ఎవరినో పిలుస్తున్న కేకలు. ఇక్కడ మిగతా ఐదుగురూ వేలం మామ చుట్టూ చేరారు. కాసేపటికి నర్సు మళ్ళీ ఫోనెత్తింది, ఆయాసపడుతూ నవ్వుతోంది. "పీకేశాం మామయ్యా! ఒకటి చేత్తో ముట్టుకోలేనంత వేడిగా ఉంది. అన్నీ వరండాలో ఇసుక బకెట్లో పడేయించా. ఎవరికీ ఏం కాలేదు. పదకొండూ తీసేశాం."

టీచరమ్మ చప్పున తలెత్తింది. "పన్నెండు కదా?"

"పన్నె… ండోది?" అన్నాడు వేలం మామ.

"పన్నెండో మంచం కుర్రాయన్ని ఇందాకే తీసుకెళ్ళారుగా. ఏజెంటుగారే స్వయంగా వచ్చారు. మీటింగులో పెద్దల ముందు మాట్లాడించి చూపిస్తారట. చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి, సిలిండరు తగిలించి, యంత్రం ఆయన చేతికిచ్చి మరీ తోసుకెళ్ళారు. ఆ మీటింగు గదిలోకి మమ్మల్ని రానివ్వరు."

అందరికంటే ముందు కదిలింది ఇన్‌స్పెక్టరు. బయటికి ఉరికి జీపు ముందు తలుపు తెరిచి పట్టుకున్నాడు. అక్కడ వదినగారు కూర్చోవడం అలవాటు. ఆవిడ కొంగు దోపుకుంటూ వెనక్కెళ్ళి ఎక్కారు.

"మామా, మీరు ముందు కూర్చోండి," అన్నాడు ఇన్‌స్పెక్టరు. మీసం కింద గొంతు మెత్తబడింది. "మీటింగు దగ్గర ఆ కుర్రాడు ఖాకీ బట్టలు చూస్తే బెదిరిపోతాడు. వాడి బాధ తెలిసిన మనిషి చెప్తేనే చేతిలోది వదిలేస్తాడు. పొద్దున మిమ్మల్ని అన్న మాటలు…"

వేలం మామ చెయ్యెత్తి ఆ మాట అక్కడే ఆపించాడు. సీట్లో సర్దుకుని, గుడ్డ బిగించి, గుటక వేసి గాలి నింపుకున్నాడు.

"పోనియ్… నాయనా. నేను… ఆగితే… పర్లేదు. నువ్వు… ఆగకు."